పాత రివాల్వర్.. పుట్టిన ఏడేది? పట్టిన చెయ్యేది?

ముద్రలు చదివితే కాలం తెలుస్తుంది.. కాగితాలు దాచితేనే చరిత్ర నిలుస్తుంది

ఇంటి పెద్ద కాలం చేసి, పెద్దకర్మ ముగిసిన తర్వాత ఇనప్పెట్టె తాళం తీస్తారు. పొలం దస్తావేజులు, తనఖా కాగితాలు, వెండి సామాన్ల నడుమ నూనెగుడ్డలో చుట్టిన రివాల్వర్ ఒకటి బయటపడుతుంది. ఒకప్పటి జమీందారీ గ్రామాల్లోనూ, గడీలున్న ఊళ్లలోనూ, సైన్యంలో పనిచేసి వచ్చినవారి ఇళ్లలోనూ ఇది మరీ వింత సంగతేమీ కాదు. ఆ క్షణం నుంచే ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి. ‘దొరగారు మెచ్చి తాతగారికి బహూకరించిన తుపాకి ఇది’ అని ఒకరు అంటారు. ‘పోలీసులకు తెలిస్తే కొంప మునుగుతుంది, రాత్రికి రాత్రి చెరువులో పడేద్దాం’ అని మరొకరు అంటారు. మొదటి మాటకు సాధారణంగా ఆధారం ఉండదు. రెండో మాట వింటే ఉన్న ఆధారం కూడా నీళ్లపాలవుతుంది, పైగా నేరమూ అవుతుంది.

పాత రివాల్వర్ విషయంలో తేల్చవలసిన ప్రశ్నలు నిజానికి రెండు. అది ఎప్పుడు, ఎక్కడ తయారైంది అన్నది మొదటిది. ఎవరి చేతుల్లో తిరిగింది అన్నది రెండోది. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడడం వల్లనే సగం కట్టుకథలు పుడుతున్నాయి. మొదటిదానికి జవాబు చాలావరకు ఆ లోహంపైనే చెక్కి ఉంటుంది. రెండోదానికి జవాబు ఎంత తోమినా లోహంపై కనిపించదు. అది కాగితాల్లో ఉంటుంది.

తోమడమన్న మాట వచ్చింది గనుక ముందుగా ఒక హెచ్చరిక. దొరికిన తుపాకిలో తూటాలు లేవని ఎవరూ అనుకోరాదు. డెబ్బయి, ఎనభై ఏళ్లనాటి తూటా సైతం పేలే అవకాశం ఉంది. ట్రిగ్గర్ లాగి చూడడం, పిల్లలకు చూపించడం, మడత విప్పడానికి సుత్తితో కొట్టడం ప్రాణాంతకం. తుప్పు వదిలించాలని ఉప్పుకాగితంతో రుద్దడం, చింతపండు పెట్టి ఇత్తడి బిందెలా మెరిపించడం మరో పొరపాటు. వెంట్రుకవాసి లోతున ఉండే ముద్రలు ఆ రాపిడికే చెరిగిపోతాయి. వందేళ్లు నిలిచిన సాక్ష్యం ఒక్క పూటలో మాయమవుతుంది.

తీరును బట్టి తరం

రివాల్వర్‌కూ పిస్తోలుకూ తేడా ఏమిటంటే, రివాల్వర్‌లో తూటాలు ఒక గుండ్రని సిలిండర్‌లో ఉంటాయి. ఒక గుండు పేలగానే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా గొట్టం ఎదుటికి వస్తుంది. ఈ ఏర్పాటును వ్యాపారస్థాయిలో నిలబెట్టిన శామ్యూల్ కోల్ట్‌కు అమెరికాలో 1836లో పేటెంటు లభించింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో కోల్ట్ తుపాకులకు పోటీగా ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ ఆడమ్స్ తన రివాల్వర్‌ను ప్రదర్శించాడు. 1857 తిరుగుబాటు నాటికి మన దేశంలోని ఆంగ్లేయ అధికారుల నడుములకు వేలాడినవాటిలో ఈ రెండు రకాలు ప్రధానమైనవి. అయితే వాటిలో నేడు మనం చూసే తూటా ఉండదు. సిలిండర్ అరల్లోకి ముందువైపు నుంచి మందు, గుండు కూరి, వెనుక చిన్న చూచుకంపై రాగి టోపీ పెట్టేవారు. సిలిండర్ వెనుకభాగాన ఆరు చూచుకాలు కనిపిస్తే అది ఈ తరానిదే.

తర్వాతి మెట్టు ఫ్రాన్సులో లెఫోషూ పేరిట వచ్చిన పిన్‌ఫైర్ రకం. ఇందులో ప్రతి తూటా పక్కన ఒక సూదిమొల పొడుచుకుని ఉంటుంది. అది బయటకు రావడానికి సిలిండర్ అంచున చిన్న గాడి ఉంటుంది. ఆ గాడులు కనిపిస్తే 19వ శతాబ్ది ద్వితీయార్ధపు సరుకని చెప్పవచ్చు. 1860ల నుంచి తూటా అడుగున నడిమధ్య దెబ్బ తగిలే రకం స్థిరపడింది. నేటికీ అదే నడుస్తోంది.

తుపాకి ఎలా తెరుచుకుంటుందన్నది కూడా మంచి గుర్తే. పక్కనున్న చిన్న తలుపు తీసి తూటాలు ఒక్కొక్కటిగా వేసేది ఒక రకం. మధ్యలో మడతపడి గొట్టం కిందికి వంగి, కాలిన తూటాలను ఒక్కసారిగా పైకి నెట్టేది రెండో రకం. 1870లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ దీన్ని పెద్దఎత్తున తెచ్చింది. సిలిండర్ పక్కకు తొలగి తెరుచుకునేది మూడో రకం. కోల్ట్ కంపెనీ 1889లో అమెరికా నౌకాదళానికి అందించిన నమూనాతో ఇది వాడుకలోకి వచ్చింది. కనుక సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్‌ను చూపి ‘సిపాయిల తిరుగుబాటులో మా ముత్తాత దొర దగ్గర గుంజుకున్నది’ అని ఎవరైనా చెబితే చిరునవ్వుతో విని ఊరుకోవచ్చు.

మన ఇళ్లలో వెబ్లీయే ఎక్కువ

బ్రిటిష్ పాలన సాగిన ప్రాంతం కావడంతో మన వైపు కనిపించే పాత రివాల్వర్లలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరపు వెబ్లీ కంపెనీవి ప్రధానమైనవి. మధ్యకు మడతపడే ఈ తుపాకిని బ్రిటిష్ సైన్యం 1887లో మార్క్ 1 పేరిట స్వీకరించింది. తర్వాత మార్పులు చేస్తూ మార్క్ 2, 3 వచ్చాయి. 1899 నాటి మార్క్ 4 దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధకాలపుది. 1913లో మార్క్ 5, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ 1915లో మార్క్ 6 వచ్చాయి. అన్నీ పాయింట్ 455 బోరువే. మార్క్ అంకె రోమన్ సంఖ్యల్లో గొట్టం పైపట్టీమీదో పక్కనో ఉంటుంది.

అంకె చెరిగిపోయినా పిడిని చూసి చెప్పవచ్చు. మొదటి అయిదు మార్కుల పిడి కింద చిలకముక్కులా వంపు తిరిగి ఉంటుంది. మార్క్ 6 పిడి అడుగున చదునుగా, నలుచదరంగా ఉంటుంది. గొట్టం పొడవూ అంతే. ముందటివాటికి సాధారణంగా 4 అంగుళాలు, మార్క్ 6కు 6 అంగుళాలు. సుమారు కిలో పైచిలుకు బరువుండే ఆ మార్క్ 6 చేతిలో పడితే ఎవరికైనా తేడా తెలిసిపోతుంది. పైగా వెబ్లీ కంపెనీ తయారుచేసిన మార్క్ 6 ఎడమపక్కన కంపెనీ పేరు, మార్క్, పేటెంట్లు అన్న మాట కింద తయారైన సంవత్సరమే ముద్రించి ఉంటుంది. 1921 తర్వాత ప్రభుత్వ ఎన్‌ఫీల్డ్ కర్మాగారం కూడా ఇదే నమూనాను కొన్నేళ్లు తయారుచేసింది. వాటిపై కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, ఏడాది ఉంటాయి.

సంవత్సరం లేని పౌర నమూనాలకు కంపెనీ పేరే కొలబద్ద. పి.వెబ్లీ అండ్ సన్ అని ఉంటే 1897కు ముందుది. ఆ ఏడాది మరో రెండు సంస్థలతో విలీనమై వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీగా మారింది. 1906లో ఆ పొడవాటి పేరును కుదించి వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్ అన్నారు. ఒక్క పేరు చదివితే చాలు, మూడు కాలాల్లో ఏదో ఒకదానిలోకి తుపాకి వచ్చి కూర్చుంటుంది. రెక్కలు కట్టిన గుండు బొమ్మ ఆ కంపెనీ వ్యాపార చిహ్నం.

మొదటి యుద్ధం ముగిశాక 455 బోరు బరువెక్కువని సైన్యం భావించింది. పాయింట్ 38 బోరులో నమూనాలు పరిశీలించి, చివరకు 1930ల ఆరంభంలో ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 అనే రివాల్వర్‌ను తన కర్మాగారంలోనే తయారుచేయించింది. ఇది వెబ్లీ వారి మార్క్ 4 పాయింట్ 38కు అచ్చు కవల తమ్ముడిలా ఉంటుంది. తమ నమూనాను వాడుకున్నారంటూ వెబ్లీ కంపెనీ ప్రభుత్వంపై దావాకు దిగిందంటే పోలిక ఎంతటిదో ఊహించవచ్చు. ఎన్‌ఫీల్డ్ అయితే కుడిపక్కన సిలిండర్ కింద పేరు, నమూనా, సంవత్సరం వరుసగా ఉంటాయి. 1938 నుంచి వచ్చిన రకంలో హ్యామర్‌కు బొటనవేలు ఆనించే కొక్కెం ఉండదు. ట్యాంకుల్లోని ఇరుకు చోట్ల బట్టలకు తగులుకోకుండా దాన్ని తీసివేశారు. ఈ సంగతి తెలియనివారు ‘హ్యామర్ విరిగిపోయింది’ అనుకుని కొక్కెం అతికించడానికి వెల్డింగు దుకాణానికి పరుగెత్తుతారు. అలా చేయడం చట్టరీత్యా నేరం, చరిత్రరీత్యా నష్టం.

కిరీటం, బాణం, దుకాణం పేరు

బ్రిటన్‌లో అమ్మకానికి వెళ్లే ప్రతి తుపాకినీ ముందుగా అధిక మోతాదు మందుతో పేల్చి పరీక్షించాలి. నెగ్గిన గొట్టానికీ సిలిండర్ అరలకూ ముద్ర కొడతారు. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813 నాటి చట్టంతో ఏర్పడింది. కిరీటం కింద బీపీ, బీవీ అక్షరాలున్న ముద్రలు 1904 తర్వాతివి. కిరీటం కింద ఎన్‌పీ ఉంటే పొగరాని మందుకు తట్టుకుంటుందని అర్థం. 1950ల మధ్య నుంచి ఆ స్థానంలో బీఎన్‌పీ వచ్చింది. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ అక్షరాలు, నక్షత్రం ఉంటే అది ఇంగ్లండు సరుకు కాదు, బెల్జియంలోని లీజ్ నగరానిది. ఆ గుడ్డుపై కిరీటం ఉంటే 1893 తర్వాతిది, లేకుంటే ముందటిది. ‘నాట్ ఇంగ్లిష్ మేక్’ అని బ్రిటిష్ పరీక్షాశాల కొట్టిన ముద్ర కనిపిస్తే, 1925కూ 1955కూ నడుమ విదేశం నుంచి బ్రిటన్‌కు వెళ్లి అక్కడ పరీక్ష నెగ్గినదన్నమాట.

ప్రభుత్వ ఆస్తి అయితే పైకి చూసే బాణపు మొన ఉంటుంది. రెండు బాణపు మొనలు ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని వదిలించుకుని బయటకు అమ్మిందని గుర్తు. సొంతదారుకు ఇది ఎంతో విలువైన ముద్ర. దొంగిలించినది కాదు, చట్టబద్ధంగా సైన్యం చేయి దాటినదని తుపాకే చెబుతున్నట్లు లెక్క. కిరీటం కింద వీఆర్ అంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1901లోపు. ఈఆర్ అంటే ఏడో ఎడ్వర్డు, 1901 నుంచి 1910 వరకు. జీఆర్ అంటే జార్జి రాజుల కాలం. ఇవి ప్రభుత్వ తనిఖీ ముద్రలే తప్ప రాజుగారు స్వయంగా బహూకరించినట్లు రాసిచ్చిన శాసనాలు కావు. కిరీటం చూసి ‘రాణిగారి కానుక’ అనుకోవడం పాత రూపాయిపై రాణి బొమ్మ చూసి అది ఆమె జేబులోదని అనుకోవడం వంటిదే.

గొట్టం పైపట్టీపై నాజూకైన అక్షరాలతో మద్రాసు పి.ఆర్ అండ్ సన్స్ అనో, కలకత్తా మాంటన్, రాడా కంపెనీల పేర్లో ఉంటే అవి అమ్మిన దుకాణాలు. తయారీదారు పేరు వేరేచోట ఉంటుంది. అయినా దుకాణం పేరును తేలిగ్గా తీసుకోరాదు. తుపాకి ఓడ దిగి మన దేశంలో ఎక్కడ అమ్ముడైందో చెప్పే తొలి ఆచూకీ అదే.

తడబడే చోట్లు

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తాపడేది పేటెంటు తేదీల వద్ద. పాత స్మిత్ అండ్ వెసన్ సిలిండర్లపై 1855 ఏప్రిల్ 3 అన్న తేదీ కనిపిస్తుంది. అది రోలిన్ వైట్ అనే వ్యక్తి పేటెంటు పొందిన రోజు. ఆ కంపెనీ మొదటి రివాల్వర్ వచ్చిందే 1857లో. పేటెంటు తేదీ చెప్పేది ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రమే. ఆ తర్వాత ఎన్నేళ్లకు తయారైందో చెప్పదు.

నకళ్లు మరో చిక్కు. 1872లో వెబ్లీ తెచ్చిన బుల్‌డాగ్ అనే పొట్టి రివాల్వర్‌ను బెల్జియం పనివారు కుప్పలుతెప్పలుగా అనుకరించారు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చింది ఈ బుల్‌డాగ్ రకంతోనే. అంత ప్రసిద్ధమైన ఆ తుపాకి కూడా తర్వాత కనిపించకుండా పోయింది. ఇక మన ఇళ్ల పెట్టెల సంగతి చెప్పేదేముంది! మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకుల కొరత వచ్చినప్పుడు బ్రిటన్ స్పెయిన్‌లోని ఐబార్ పట్టణపు కంపెనీల నుంచి 455 బోరు రివాల్వర్లు కొనుగోలు చేసింది. అవి నకిలీలు కావు. బ్రిటిష్ సైన్యపు ఆమోదంతో వచ్చినవే.

నిజమైన నకిలీలు వాయవ్య సరిహద్దులోని దర్రా ఆదంఖేల్‌లోనూ, బీహార్‌లోని ముంగేర్‌లోనూ పుట్టాయి. చేతిపనిలో వారిది అందెవేసిన చెయ్యే. అక్షరాల దగ్గరే దొరికిపోతారు. ఇంగ్లిషు రానివారు చూసి చెక్కడం వల్ల స్పెల్లింగు తప్పుతుంది, ఎన్ అక్షరం తిరగబడుతుంది, కిరీటం గిన్నెలా తయారవుతుంది. అసలు ముద్ర ఒక్క దెబ్బతో పడినది గనుక అంచులు పదునుగా, లోతు ఒకే తీరుగా ఉంటాయి. నకిలీ ముద్ర ఉలితో గీసినట్లుంటుంది.

నికెల్ పూతతో తళతళలాడే సైనిక వెబ్లీ కనిపిస్తే తర్వాత ఎవరో పూత వేయించారేమోనని అనుమానించాలి. గొట్టం, ఫ్రేమ్, సిలిండర్ మూడింటిపై ఒకే అంకె ఉందో లేదో చూడాలి. సిలిండర్ అంకె వేరైతే అది మరో తుపాకి నుంచి వచ్చినదే. మరల తలల గాడులు చిదికి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

అంకె దొరికితే ఆచూకీ దొరికినట్లే

తుపాకికి వరుస అంకె మనిషికి వేలిముద్ర వంటిది. దీనికి మన దేశ చరిత్రలోనే గట్టి నిదర్శనాలున్నాయి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రాడా కంపెనీకి వచ్చిన సరుకులో నుంచి 50 మౌజర్ పిస్తోళ్లను, 46 వేల తూటాలను బెంగాల్ విప్లవకారులు తరలించుకుపోయారు. ప్రతి పిస్తోలు అంకె కంపెనీ పుస్తకంలో రాసి ఉంది. ఆ అంకెల ఆధారంగానే తర్వాతి కాలంలో 54 ఘటనల్లో ఈ పిస్తోళ్లు వాడారని రౌలట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ తన నివేదికలో లెక్క తేల్చింది. ఒక గుమాస్తా కలం పట్టి రాసుకున్న అంకెలు లేకుంటే ఆ లెక్కకు దారే లేదు.

మరొకటి భగత్‌సింగ్ పిస్తోలు. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన కేసులోని పాయింట్ 32 కోల్ట్ పిస్తోలు దశాబ్దాలపాటు ఎక్కడుందో ప్రజలకు తెలియదు. 2016లో ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం ఆయుధ శిక్షణ కేంద్రపు ప్రదర్శనశాలలో, మిగతా తుపాకుల నడుమ, రంగు పూసి ఉన్న ఒక పిస్తోలుపై 168896 అంకె బయటపడింది. కేసు పత్రాల్లోని అంకె అదే. తర్వాత దాన్ని పంజాబ్‌లోని హుస్సేనీవాలాకు తరలించి ప్రదర్శించారు. ఆ పిస్తోలు రూపంలో ప్రత్యేకత ఏమీ లేదు. అటువంటివి లక్షల్లో తయారయ్యాయి. కోర్టు కాగితంలో ఒక అంకె, ఇనుముపై అదే అంకె.. ఆ రెండూ కలిసినచోటే అది భగత్‌సింగ్ పిస్తోలు అయింది.

కాగితం లేనిచోట ఏమవుతుందో వాన్‌గో ఉదంతం చెబుతుంది. ఫ్రాన్సులోని ఓవేర్ గ్రామ పొలంలో 1960 ప్రాంతంలో తుప్పుపట్టిన లెఫోషూ రివాల్వర్ ఒకటి దొరికింది. 1890లో ఆ చిత్రకారుడు ఆత్మహత్యకు వాడినది అదేనన్నారు. బోరు సరిపోయింది, స్థలం సరిపోయింది, భూమిలో గడిపిన కాలమూ సరిపోయింది. 2019లో పారిస్ వేలంలో 1,62,500 యూరోలకు అమ్ముడైంది. ఇంత జరిగినా ‘కావచ్చు’ అన్న మాట దాన్ని వదల్లేదు. కారణం, అంకెతో కలిపే కాగితం లేకపోవడమే.

అమెరికా తుపాకులకు ఒక సదుపాయం ఉంది. కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ పాత అమ్మకపు పుస్తకాలు భద్రంగా ఉండడంతో, రుసుము చెల్లించి అంకె రాసి పంపితే ఏ తేదీన ఏ వ్యాపారికి పంపారో లేఖ ఇస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు, దాని వలసలకు వచ్చిన స్మిత్ అండ్ వెసన్ 38 బోరు రివాల్వర్ల అంకె ముందు వీ అక్షరం ఉంటుంది. విక్టరీ అన్న మాటకు అది సంకేతం. ఆ అక్షరమే 1942-45 నడుమ తయారైనదని చెబుతుంది.

అంకెను ఎవరైనా ఆకురాయితో అరగదీసినా ఆశ వదలనక్కర్లేదు. ముద్ర కొట్టినప్పుడు ఆ దెబ్బ పైపొరతో ఆగదు, అడుగున లోహపు రేణువులనూ నలగ్గొడుతుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఆ చోట నున్నగా చేసి ఆమ్లద్రావణం పూస్తే, నలిగిన భాగం ఒకలా, నలగని భాగం మరోలా కరిగి అంకె మసకగా పైకి తేలుతుంది. ఇది నేర పరిశోధన కోసం పుట్టిన పద్ధతి. ఇళ్లలో బ్యాటరీ యాసిడ్ పోసి ప్రయత్నించేది కాదు.

మన జిల్లాల్లో వెదకవలసిన కాగితాలు

1878 ఆయుధ చట్టం తర్వాత బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకి ఉంచుకోవడం నేరమైంది. కనుక కోస్తా, రాయలసీమ కుటుంబాల్లో చట్టబద్ధంగా ఉన్న రివాల్వర్‌కు ఎక్కడో ఒకచోట లైసెన్సు పుస్తకం, కలెక్టరేటు రిజిస్టరులో ఒక పద్దు ఉండి తీరాలి. నిజాం ఏలుబడిలోని జిల్లాల్లో పాలన ఉర్దూలో సాగింది. చదవలేక పాత ఉర్దూ కాగితాలను చిత్తుకింద పారేసిన ఇళ్లు ఎన్నో. వాటిపై ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41 ప్రాంతం. 1948లో పోలీసు చర్యకు ముందు, తర్వాత తెలంగాణలో ఆయుధాలు ఎన్ని చేతులు మారాయో తెలిసినదే. అందుకే ఆ కాలపు రసీదు ముక్క ఒక్కటి దొరికినా దాన్ని తుపాకికన్నా భద్రంగా దాచాలి.

మరో కాగితం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో జమచేయించుకుని రసీదు ఇస్తారు. ఎన్నికల తర్వాత ఆ చీటీని పారేస్తారు. అయిదారు ఎన్నికల రసీదులు వరుసగా పెడితే, ఆ అంకె గల తుపాకి ఆ కుటుంబం వద్దే ఉందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

కాగితం విలువ మన్యంలో అల్లూరి సీతారామరాజుకు తెలిసినంతగా పాలకులకైనా తెలుసునో లేదో. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు రోజుల్లో దాడిచేసి ఆయుధాలు పట్టుకుపోయినప్పుడు, ఏమేమి తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేసి మరీ వెళ్లారు. నేడు ఎవరైనా ‘ఇది మన్యం పోరాటపు తుపాకి’ అని ముందుకొస్తే పరిశీలకులు మొదట అడిగేది ఆ కాలపు పోలీసు దస్త్రాలతో పోలిక ఉందా అనే. అప్పట్లో పోయినవి పోలీసుల పొడుగు తుపాకులన్న సంగతి గుర్తుంటే, రివాల్వర్ చూపించేవారి కథను అక్కడే ఆపవచ్చు.

బోరు తేలితేనే చట్టం తేలేది

వయసు తేల్చడం సరదా కోసం కాదు. తుపాకి గుర్తింపుపైనే కుటుంబం నెత్తిన పడే చట్టం ఆధారపడి ఉంటుంది. పాయింట్ 455, పాయింట్ 380 తూటాలు పట్టే రివాల్వర్లు మన దేశంలో నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. అంటే సైనిక వెబ్లీ మార్కులన్నీ, ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 అందులోనివే. వీటికి కలెక్టరు లైసెన్సు చాలదు, కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. పాయింట్ 32 అయితే సాధారణ లైసెన్సు పరిధిలోకి వస్తుంది. కాన్పూరు ఆయుధ కర్మాగారం పౌరుల కోసం తయారుచేసిన 32 బోరు రివాల్వర్ వెబ్లీ మార్క్ 4 నమూనాకు రూపాంతరమే. పక్కపక్కన పెడితే సామాన్యుడికి తేడా తెలియదు. ఒకటి సాధారణ లైసెన్సుది, రెండోది నిషిద్ధం. 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా నిషిద్ధ ఆయుధం ఉంచుకుంటే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు శిక్ష ఉంది. ఇక్కడొక తిరకాసు. 38 అని పిలిచే గుండు వ్యాసం నిజానికి 0.36 అంగుళమే. పేరు పాతకాలపు లెక్కతో నిలిచిపోయింది. కనుక ఇంట్లో స్కేలు పెట్టి బోరు తేల్చడం కుదరదు. జిల్లా సాయుధ దళ కేంద్రంలోని ఆర్మరర్ గానీ, ఫోరెన్సిక్ నిపుణుడు గానీ చూడవలసిందే.

‘వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు’ అన్నది ఊళ్లలో బాగా పాతుకుపోయిన మాట. అది నిజం కాదు. వందేళ్లు నిండిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. అది వేరు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయించేది పాతబడిన, పురాతన విలువగల, లేదా పాడైపోయిన ఆయుధాల్లో మరమ్మతు చేసినా చేయకున్నా పేల్చడానికి వీలుకానివాటిని మాత్రమే. తుప్పుపట్టి కదలని రివాల్వర్ కూడా మరమ్మతుతో పేలుతుందని నిపుణుడు చెబితే మినహాయింపు ఉండదు.

లైసెన్సుదారు మరణిస్తే వారసులు అనవసర జాప్యం లేకుండా సమీప ఠాణాలోగానీ, లైసెన్సుగల ఆయుధ వ్యాపారి వద్దగానీ తుపాకిని జమచేయాలని 21వ సెక్షన్ చెబుతోంది. జమచేసినంత మాత్రాన హక్కు పోదు. వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు చేసుకుని తిరిగి పొందవచ్చు, అర్హత ఉన్నవారికి అమ్మవచ్చు. ఏదీ చేయకుండా గడువు దాటనిస్తేనే జప్తు ఉత్తర్వులు వస్తాయి. 2019 సవరణతో ఒకరివద్ద ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సే లేని తుపాకి పెట్టెలో బయటపడితే దాన్ని చేతబట్టుకుని బస్సెక్కరాదు. ఫోనులో ఫొటో తీసి నలుగురికీ పంపరాదు. ఉన్నచోటే ఉంచి, న్యాయవాదిని సంప్రదించి ఠాణాకు సమాచారం ఇచ్చి, పెట్టె తెరిచిన తేదీ, అక్కడున్నవారి పేర్లు రాసిపెట్టుకోవాలి.

జమచేసేటప్పుడు రసీదులో తయారీ పేరు, నమూనా, బోరు, వరుస అంకె నాలుగూ రాయించుకోవాలి. కనిపించే ప్రతి ముద్రనూ అధికారి సమక్షంలోనే ఒక కాగితంపై గీసుకోవాలి. ‘పాత రివాల్వర్ ఒకటి’ అని మాత్రమే రాసిన రసీదును అక్కడికక్కడే తిప్పి ఇచ్చి, మళ్లీ రాయించుకోవాలి.